పిక్కల డాక్టరు

మొన్న ఒక ఆసుపత్రిలో కుర్ర సర్జన్ నా పంచె మోకాలి పైకి జరిపించి, పిక్క మీద చల్లటి జిగురు రాసి, పెన్నులాంటి పరికరం ఒకటి ఆనించాడు. నా కాలి ముందరి ఎముక మీద చాలాకాలంగా మానని పుండు ఒకటుంది. పక్కనున్న తోలును, దానికి నెత్తురు తెచ్చే నాళంతో సహా తిప్పి, ఆ పుండును కప్పుతాడట. నాళం ఎక్కడుందో ఆ పెన్ను విని చెబుతుంది. చాలాసేపు అది స్టేషను దొరకని రేడియోలా గరగరమని ఊరుకుంది.

"ఇంకో రెండు వేళ్లు కిందికి చూడు బాబూ. ఎముక అంచుకి కాస్త వెనగ్గా" అన్నాను.

మర్యాద కోసం జరిపాడు. వెంటనే, గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు, ఉస్ ఉస్ మని చప్పుడు మొదలైంది. అతను అక్కడ ఊదారంగు చుక్క పెట్టి, నా వైపు తిరిగాడు.

"అంకుల్, మీరు డాక్టరా?"

"కాదు. పేపర్లో పనిచేసి రిటైరయ్యాను."

"మరి ఈ స్పాట్ మీకెట్ల తెలుసు?"

"తార్నాక బస్టాపులో ఒకాయన చూపించాడు. నువ్వు పుట్టకముందు."

అతను నర్సు వైపు చూశాడు. నర్సు నా వయసు రాసిన కాగితం వైపు చూసింది.

ఆ బస్టాపు మనిషి పేరు రాయను. ఆయన ఎవరి పేరూ గుర్తుపెట్టుకున్నవాడు కాదు. నేనూ రాయకపోతే చెల్లుకు చెల్లు. తార్నాకలో అందరూ ఆయన్ని పిక్కల డాక్టరు అనేవాళ్లు. మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పేవాడు. బాపట్ల వైపు మనిషి. ఇల్లు తార్నాకలో, క్యాంపస్ గేటుకు దగ్గర్లో. ఆ ఇంటి పెరటి గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, పత్రికలో కొత్త. అరవైల చివరి రోజులవి.

బస్టాపులో ఆయన నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు నా మొహం చూడలేదు. పంచెకట్టులో ఉన్న నా కాళ్లు చూస్తూ, ఎంతో సంతోషంగా, "మీ కుడి పిక్క చాలా బావుందండీ" అన్నాడు. తర్వాత అక్కడే గొంతుక్కూచుని, చూపుడువేలు నా కాలి లోపలి వైపు ఆనించి, "ఇదిగో, ఇక్కడ. కండకీ కండకీ మధ్య నించి ఒక సన్నటి నాళం పైకొచ్చి తోలుకి నెత్తురిస్తుంది. మీరెప్పుడూ దానికి కృతజ్ఞత చెప్పుకుని ఉండరు" అన్నాడు. బస్సు వచ్చింది. జనం ఎక్కారు. కండక్టరు మా ఇద్దరినీ కాసేపు చూసి, రైట్ రైట్ అని వెళ్లిపోయాడు.

ఆయన నడక ఎప్పుడూ తల వంచుకునే. పరిచయం లేనివాళ్లు వినయం అనుకునేవాళ్లు. పరిచయం ఉన్నవాళ్లు కాళ్లు దాచుకునేవాళ్లు. ఆడవాళ్లు ఆయన ఎదురైతే చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని పక్క సందులోకి తిరిగేవారు. ఈ సంగతి ఎవరో ఆయన భార్య చెవిన వేస్తే ఆవిడ నవ్వింది. "మా పెళ్లిచూపుల్లో కూడా ఈయన తలెత్తలేదండీ. బుద్ధిమంతుడని మా నాన్న మురిసిపోయారు. పెళ్లయిన ఏడాదికి కాబోలు, ఓ రోజు అన్నం వడ్డిస్తుంటే నా మొహం చూసి, 'నీకు చెంప మీద పుట్టుమచ్చ ఉందేవిటీ?' అన్నారు."

ఆవిడది గట్టి మడి ఆచారం. ఆయన మాత్రం ఆదివారం ఆదివారం కసాయి దుకాణంలో మేక వెనక కాళ్లు కొనుక్కుని పెరట్లో చేరేవాడు. జిగురులో ఎర్ర సిరా కలిపి, పిచికారీతో ఆ కాళ్ల నాళాల్లోకి ఎక్కించి, ఎండబెట్టి, తోలు ఒలిచి చూసేవాడు. కాలేజీలో దిక్కులేని శవాల కాళ్లున్నాయి కదా, ఈ మేకలెందుకండీ అని అడిగాను. "చెయ్యి అలవాటు తప్పకుండా ఉండాలి కదండీ. మీరు రోజూ రాయరూ?" అన్నాడు. దుకాణం ఖాసిం మియా వేరేగా అర్థం చేసుకున్నాడు. "మీ డాక్టర్ సాబ్‌కు పాయా అంటే జాన్. ఆ బ్రాహ్మణమ్మకు తెలవకుండ చాటుగా తింటడేమో పాపం. చెప్పకు" అని నాకు రహస్యంగా చెప్పేవాడు.

ఆయన పాఠం అంతా తార్నాక కుళాయిల్లో ఉండేది. మోకాలి కింద పెద్ద గొట్టం మూడుగా చీలుతుందనేవాడు. ఒకటి ముందుకు, రెండు వెనక్కు. వాటినించి చిన్న గొట్టాలు, వాటినించి కుళాయిలు. "కాలి ముందరి ఎముక మీది తోలుందే, అది మన వీధి చివరి ఇల్లు లాంటిదండీ. అసలే ధార సన్నం. అక్కడ గనక దెబ్బ తగిలిందా, ఇక అంతే. పిక్క లోపలి వైపు మాత్రం మెయిన్ పైపు పక్కిల్లు. బిందెలు నిండి పొంగిపోతాయి." తర్వాత గొంతు తగ్గించేవాడు, ఎవరో వింటారన్నట్టు. "నెత్తురికి దారుంటే తోలు బతుకుతుంది. దారి లేకపోతే మంత్రిగారి తోలైనా చస్తుంది."

ఇవన్నీ వినడానికి బావుండేవి. ఎవరికైనా పనికొస్తాయని నేను అనుకోలేదు. మల్లేశ్ కాలు లారీ కింద పడేదాకా.

మల్లేశ్ మా పాలబ్బాయి. మాణికేశ్వర్ నగర్‌లో వాళ్లకు బర్రెలుండేవి. తండ్రి లేడు. తల్లి బాలమ్మ పాలు పిండితే, ఇతను సైకిల్ మీద తార్నాకంతా పోసి, స్నానం చేసి, క్యాంపస్‌లో డిగ్రీ క్లాసుకు వెళ్లేవాడు. ఒక పొద్దున తార్నాక చౌరస్తాలో లారీ అతని కుడి కాలు ముందువైపు తోలంతా ఒలిచేసింది. విరిగిన ఎముక అతుక్కుంటుందన్నారు. దాని మీద కప్పడానికి తోలు లేదు. తెల్లటి ఎముక గాలికి ఎండుతుంటే పెద్దాసుపత్రిలో పడి ఉన్నాడు. మోకాలి కిందికి తీసేయాలన్నాడు అక్కడి పెద్ద సర్జన్. ఆయన చెడ్డవాడేం కాదు. ఎముక కుళ్లితే విషం పైకెక్కుతుందనీ, ముందు మనిషి బతకాలనీ ఆయన భయం.

సంగతి నేనే డాక్టరు చెవిన వేశాను. ఆ రోజే వెళ్లి కాలు చూసొచ్చాడు. రావడం రావడం నా గది తలుపు కొట్టి, "ఎడమ పిక్క చూశారా? దివ్యంగా ఉందండీ!" అన్నాడు.

"దెబ్బ తగిలింది కుడి కాలికి కదండీ?"

"అదే చెబుతున్నా."

ఆయన ఆలోచన ఇది. ఎడమ పిక్క తోలును మూడు వైపులా కోసి, నాలుగో వైపు కోయకుండా వదిలి, ఆకులా లేపి, దాన్ని కుడికాలి ఎముక మీద పరిచి కుట్టాలి. కోయని వైపునుంచి ఎడమ కాలు నెత్తురిస్తూ ఉంటుంది. రెండు కాళ్లూ కదలకుండా పిండికట్టుతో ఒకటిగా బిగించి మూడు వారాలు ఉంచాలి. ఆలోగా కుడికాలు తన సొంత నాళాలను ఆ తోలులోకి పంపుకుంటుంది. అప్పుడు రెండింటినీ విడదీయాలి. ఇందులో కొత్తేమీ లేదు, పెద్ద సర్జన్‌కూ తెలుసు. కాని కోయని ఆ మొదలు ఎంత వెడల్పు ఉంచితే అంత పొడవే లేపాలని ఆయన పద్ధతి. మల్లేశ్ పుండు దానికన్నా చాలా పొడవు. చివరి భాగం నల్లబడి చస్తుందని ఆయన వాదన. మొదలు సరిగ్గా ఆ నాళం మీద ఉంచి, కొవ్వు కింద కండను కప్పి ఉండే తెల్ల పొరను కూడా తోలుతోపాటే లేపితే చావదని ఈయన వాదన.

"నువ్వు అనాటమీ వాడివయ్యా. చచ్చినవాళ్ల కాళ్లు నీవి, బతికున్నవాళ్ల కాళ్లు నావి" అన్నాడట పెద్ద సర్జన్. చివరికి, తల్లి ఒప్పుకుంటే చూద్దాం, సోమవారం దాకా ఆగుతానన్నాడు.

తల్లి ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున బాలమ్మ పాలు పోయడానికి వచ్చింది. కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని బర్రెలు పాలివ్వడం మానవు కదా. ఆయన వరండాలో మేక కాళ్లు ముందేసుకుని కూచున్నాడు. ఆవిడ పాల క్యాను దింపి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సారూ, మంచి కాలు గూడ కోస్తరంట. నిజమేనా?"

"నిజమేనమ్మా" అన్నాడు ఆయన, ఆవిడ కాళ్లవైపు చూస్తూ.

"ఒక్క కాలు పోతదంటె రెండు కాళ్లు పోగొడ్తరా? గిదేం ఇసాబ్ సారూ?"

"పోదమ్మా. తోలే తీస్తాం. కండ ముట్టుకోం."

"అయితె నా పిక్క తీస్కో. పెద్దదాన్ని, నాకెందుకు పిక్కలు?"

"మీది అతనికి అంటుకోదమ్మా. కన్నతల్లిదైనా సరే. కొన్నాళ్లకి ఊడిపోతుంది."

"తొమ్మిది నెలలు అంటుకోనే ఉన్నడు గద సారూ?"

అంత చదువూ చదివిన మనిషి ఆ మాట విని మేక కాలు తిప్పి తిప్పి చూడటం నేను కళ్లారా చూశాను.

"కాళ్లు రెండు కలిపి కడ్తరంట. ఎట్ల కడ్తరు?" అంది బాలమ్మ.

ఆయన అక్కడే గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాడు. కుడికాలు చాపి, ఎడమ మోకాలు మడిచి, పిక్కను తెచ్చి కుడికాలి మీద ఆనించాడు. లేవబోయి, మధ్యలో మనసు మార్చుకున్న మనిషిలా ఉన్నాడు. వంటింట్లోంచి భార్య తొంగిచూసి, ఇవాళ కొత్తగా ఏముంది అన్నట్టు లోపలికి పోయింది.

"గట్ల మూడు వారాలా? ఎవడుంటడు సారూ? బర్రె గూడ ఉండది."

"ఉండొచ్చమ్మా."

"అయితె నువ్వుండి సూపియ్యి. రేపు పొద్దుగాల పాలు పొయ్యనొస్త. అప్పటిదాంక గట్లనే ఉంటె ఏలుముద్ర ఏస్త. లేదంటె మా అన్న చెప్పినట్టె ఇనుకుంట. కాలు తీసేస్తె తీసేసిండ్రు, పానమన్న ఉంటది."

"ఉంటాను" అన్నాడు ఆయన.

ఆవిడ క్యాను ఎత్తుకుని, నా వైపు తిరిగి, "నువ్వు కావలుండు సారు. విప్పుకుంటె నాకు చెప్పాలె" అంది. అలా నేను సాక్షినయ్యాను. పేపర్లో చేరాక నాకు దొరికిన మొదటి నమ్మకమైన ఉద్యోగం అదే.

ఆసుపత్రిలో చిన్న సర్జన్ ఒకతను ఈయన పాత శిష్యుడు. కబురు పెడితే ప్లాస్టర్ పట్టీలతో సైకిల్ మీద వచ్చాడు. తడిపే గిన్నె కోసం వెతికి, వంటింటి గుమ్మంలో ఉన్నదాన్ని తీసుకున్నాడు. అది ఇడ్లీ పిండి గిన్నె. ఆ గిన్నె గురించి ఆవిడ ఆ రోజంతా మాట్లాడింది, భర్త కాళ్ల గురించి ఒక్క మాటా అనలేదు. మధ్యాహ్నానికి పిండికట్టు రాయిలా ఆరింది. శిష్యుడు ఆసుపత్రికి వెళ్లిపోయాడు. ఈయన వరండాలో బొంత మీద, వీపుకు దిండు పెట్టుకుని, కాళ్లు పెనవేసుకుని, పరీక్షకు చదివే పిల్లాడిలా తనను తాను గమనించుకుంటూ కూచున్నాడు.

"రాసుకోండి. కుడి మడమ మంట. ఎడమ మోకాలు ఇంకొంచెం వంచి కట్టాలి. దురద విపరీతం."

"నేను విలేకరినండీ, గుమాస్తాను కాను."

"తేడా ఏవిటి?"

అంతలో ఎదురుగా ఉన్న కిరాణా షాపతను పరుగెత్తుకొచ్చాడు. తార్నాకలో ఆ వీధికంతా ఫోను ఆ షాపులోనే. శిష్యుడు చేశాడట. మల్లేశ్ పుండులో రసి వాసన మారింది. సోమవారం దాకా ఆగడం ప్రమాదమని పెద్ద సర్జన్ ఈ సాయంత్రానికే కాలు తీయడానికి ఏర్పాటు చేశాడు. మల్కాజ్‌గిరి నుంచి మేనమామ వచ్చి ఒప్పుకున్నాడు. బాలమ్మ ఏడుస్తూ కూచుంది.

డాక్టరు లేవబోయాడు. లేవలేదు. రెండోసారి ప్రయత్నించినప్పుడు పక్కకు ఒరిగి తులసికోట పట్టుకుని ఆగాడు.

"కత్తిపీట తెమ్మంటారా అన్నయ్యగారూ?" అని భార్య నన్నడిగింది, అప్పటికి సంగతి అర్థమై.

"వద్దు! విప్పితే ఆ తల్లికి ఏం చెప్పను? ఇలాగే వెళదాం" అన్నాడు ఆయన.

రిక్షా పిలుచుకొచ్చాను. రిక్షా అతను వరండాలోకి వచ్చి, ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, "సాబ్, గిది ఒక సవారీనా, రెండా?" అన్నాడు. ఎత్తి కూచోబెడితే కాళ్లు బయటికి పొడుచుకొచ్చి, ఎదురొచ్చే సైకిళ్లను అడ్డగించేలా ఉన్నాయి. సీటుకు అడ్డంగా పీట ఒకటి కట్టి, దాని మీద ఆ కాళ్ల మూట పెట్టి, నేను పక్కన నడుస్తూ పట్టుకున్నాను. క్యాంపస్ లోపలినుంచి విద్యానగర్ మీదుగా దగ్గర దారి అనుకున్నాం.

ఆ ఏడాది క్యాంపస్‌లో రోజూ ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులే. ఆదివారం కూడా. చెట్ల కింద గుంపు ఒకటి బయల్దేరబోతూ మమ్మల్ని చూసింది. పిండికట్టు కాళ్లతో, చెదిరిన జుట్టుతో, రిక్షాలో ఒక పెద్దమనిషి. వాళ్లకింకేం చెప్పక్కర్లేకపోయింది. చుట్టూ మూగారు.

"ఎవడు కొట్టిండు సార్? పోలీసోళ్లా?"

"రెండు కాళ్లు కలిపి ఇరగ్గొట్టిండ్రా! ఏం మనుషుల్రా వీళ్లు!"

వెనకనుంచి ఎవడో "జోహార్!" అని మొదలుపెట్టాడు.

"అరే, బతికే ఉన్నడ్రా. జోహార్ ఏంది? జిందాబాద్ అను!"

"అబ్బే, నన్నెవరూ కొట్టలేదండీ. నేనే కట్టించుకున్నాను" అన్నాడు డాక్టరు.

నినాదం ఆగిపోయింది. ఆ 'అండీ' అందరికీ వినపడింది. ఆ రోజుల్లో, ఆ చెట్ల కింద, ఆ యాస చిన్న విషయం కాదు. పొడుగాటి కుర్రాడొకడు ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఆంధ్ర సారా?"

"బాపట్ల దగ్గరండీ" అని, ఆయన తల వంచుకుని ఆ కుర్రాడి నిక్కరు కింది కాళ్లు చూశాడు. మొహం వెలిగింది. "మీరు పరుగు పందేల్లో ఉన్నారు కదూ? దూరం కాదు, చిన్న పందేలు."

కుర్రాడు హ్యాండిల్ వదిలాడు. "నీకెట్ల ఎర్క?"

"పిక్క చెబుతోందండీ. మొహాలు అబద్ధం చెబుతాయి, పిక్క చెప్పదు."

ఎవడో ఫక్కుమన్నాడు. ఆ నవ్వు సందులో నేను గబగబా మల్లేశ్ సంగతి చెప్పాను.

"మన మల్లేశా? పాల మల్లేశా? కాలు తీస్తున్నరా?" అన్నాడు ఆ పొడుగాటి కుర్రాడు. అంతే. రిక్షా అతన్ని దింపి సీటు వెనక్కి ముగ్గురు, పక్కలకు ఇద్దరు చేరి తోయడం మొదలుపెట్టారు. విద్యానగర్ దాటేసరికి ఊరేగింపు మొత్తం మా వెనకే ఉంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. కొత్త నినాదం మాత్రం పుట్టింది: "మల్లేశ్ కాలు! జిందాబాద్!" దారి పక్క జనం అరుగుల మీదికొచ్చి, మల్లేశ్ కాలు అనే నాయకుడెవరా అని చూశారు. డాక్టరు తోసేవాళ్లకు తోలు, నాళాలు, తెల్ల పొర గురించి చెబుతూనే ఉన్నాడు. ఒక కుర్రాడు తోస్తూ తోస్తూ పాంటు పైకి మడిచి, "సార్, నాదెట్లున్నది?" అనడం విన్నాను.

పెద్ద సర్జన్ ఆసుపత్రి మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు. ఘెరావ్ అనుకున్నట్టున్నాడు. గుంపు విడిపోయి, మధ్యలోంచి కుర్రాళ్ల చేతుల మీద డాక్టరు తేలుతూ రావడం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏవిటయ్యా ఇది! నీకేం పోయేకాలం?"

"చచ్చినవాళ్ల కాళ్లే నావన్నారు కదండీ. ఇవి బతికున్నవి. నావే. ఒకసారి చూడండి."

వార్డు వరండాలో ఆయన్ని బల్ల మీద దింపారు. బాలమ్మ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఆయన పక్కన నిలబడి, పిండికట్టును వేలితో తట్టి చూసింది. బొటనవేలు పట్టుకుని నొక్కింది.

"తిమ్మిరెక్కిందా సారూ?"

"ఎక్కిందమ్మా."

"దురద?"

"భయంకరంగా."

"మరి ఒంటికి రెంటికి..."

"అదొక్కటి మీరడక్కూడదు."

లారీ గుద్దిన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వు అయ్యాక అన్నది: "సుఖంగ ఉన్నదంటె నమ్మకపోతుంటి. తిమ్మిరి, దురద అని ఉన్నదున్నట్టు చెప్పిండు. గీ సారు అబద్ధమాడడు. ఏలుముద్ర ఏడ ఎయ్యాలె?" మేనమామ ఏదో అనబోయాడు. "నువ్వూకో అన్నా" అంది.

పెద్ద సర్జన్ కత్తెర తెప్పించి, డాక్టరు పిండికట్టు తానే కోయడానికి కూచున్నాడు. కోస్తూ, మంట ఎక్కడ, బరువు ఎక్కడ పడుతోంది, మోకాలు ఎంత వంగితే ఓర్చుకోగలిగావు అని ఒక్కొక్కటే అడిగాడు. ఈయన ఒక్కొక్కటే చెప్పాడు. ఆఖరి పొర ఊడొచ్చాక పెద్ద సర్జన్ లేచి, చేతులు దులుపుకున్నాడు. "చేస్తే నేనే చేస్తాను. నువ్వు పక్కన నిలబడి, ఆ నీ కుళాయి ఎక్కడుందో గీత గీసి చూపించు. చివర నల్లబడిందా, మరి మాట్లాడకూడదు. అప్పుడు తీయాల్సింది మోకాలి పైకి."

అది బెదిరింపు కాదు. నిజంగానే అంత దూరం వచ్చేశాం. పాడైతే కుర్రాడికి ఒక కాలు మరీ పొట్టిగా పోతుంది, రెండో కాలికి గాయం మిగులుతుంది.

ఆపరేషన్ ఆ సాయంత్రమే జరిగింది. నేను రాసిన వార్తను మా డెస్కు ఇన్‌చార్జి రెండుసార్లు చదివాడు. "రెండు కాళ్లు కలిపి కుట్టారు. ఊరేగింపు కాలికి జిందాబాద్ కొట్టింది. ప్రొఫెసర్ గారు కాళ్లు కట్టుకుని రిక్షాలో వచ్చారు. నాయనా, నువ్వు ఆదివారం పూట ఎక్కడ కూచున్నావు, ఎవరితో కూచున్నావు?" అని దాన్ని మడిచి బుట్టలో వేశాడు. ఆ బుట్టలో పడిన నిజాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆ మూడు వారాలూ వార్డులో మల్లేశ్ మంచం యాత్రాస్థలమైంది. క్యాంపస్ కుర్రాళ్లు వంతులవారీగా వచ్చి, దురద పెట్టిన చోట పొడుగాటి అల్లిక సూదితో గీకిపోయేవాళ్లు. "అన్నా, నా కాళ్లకు పెండ్లయింది. ఇడాకులు ఎప్పుడిప్పిస్తరో అడుగరాదె" అనేవాడు మల్లేశ్ నాతో. నవ్వుతూనే అనేవాడు. కాని డాక్టరు వచ్చినప్పుడు మాత్రం అతని చేతులు దుప్పటిని గట్టిగా పట్టుకునేవి.

డాక్టరు రోజూ వచ్చేవాడు. మంచం కాళ్లవైపు నిలబడి, పిండికట్టులో కోసి ఉంచిన చిన్న కిటికీలోంచి కనపడే తోలును బొటనవేలితో నొక్కేవాడు. నొక్కినచోట తెల్లబడేది. వేలు తీసి, మళ్లీ ఎరుపెక్కేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఎక్కగానే తల ఊపి వెళ్లిపోయేవాడు. ఒక రోజు చివరి అంచు ఊదారంగు తిరిగింది. ఆ రోజు ఆయన వెళ్లలేదు. మంచం చివర స్టూలు వేసుకుని, పూజగదిలో కూచున్నట్టు ఆ అంచు ఎదురుగా సాయంత్రం దాకా కూచున్నాడు. బాలమ్మ మరో పక్క నేల మీద కూచుంది. మర్నాటికి ఊదారంగు వెనక్కి తగ్గింది.

ఆ మరుసటేడు ఆయనకు బదిలీ అయింది. తర్వాత ఎక్కడెక్కడ పనిచేశాడో, ఎప్పుడు పోయాడో నేను కనుక్కోలేదు. పోయాడనే అనుకుంటాను. ఆయన చెప్పిన ఆ తెల్ల పొర సంగతి ఇప్పుడు సర్జన్లందరికీ మామూలే అని మొన్నటి కుర్ర సర్జన్ అన్నాడు. ఎవరు కనిపెట్టారని అడిగితే, విదేశాల్లో ఎవరో అన్నాడు. అయ్యుండొచ్చు. మన డాక్టరు కాగితం మీద ఒక్క ముక్కా పెట్టలేదు. ఆయనకు పిక్కల మీద గీయడమే తెలుసు.

విడదీసే రోజు గురించి చెప్పి ముగిస్తాను.

కోయబోయే ముందు పరీక్ష ఒకటుంటుంది. ఎడమ కాలినుంచి వచ్చే తోలు వంతెనను రబ్బరు గొట్టంతో బిగించి, అటునుంచి నెత్తురు ఆపేస్తారు. కుడికాలు సొంతంగా నెత్తురు పంపగలిగితే తోలు ఎర్రగా ఉంటుంది. లేకపోతే కళ్లముందే నల్లబడుతుంది. మంచం చుట్టూ పెద్ద సర్జన్, చిన్న సర్జన్, నర్సులు. పెద్ద సర్జన్ మాటమీద వార్డులోకి రానిచ్చిన ఒకే ఒక్క విద్యార్థి, ఆ పరుగు పందేల కుర్రాడు. బాలమ్మ కళ్లు మూసుకుంది. గొట్టం బిగించారు. డాక్టరు మోకాళ్ల మీద కూచుని, మొహం ఆ తోలుకు జానెడు దూరంలో పెట్టాడు. వార్డులో ఎవరో దగ్గితే అందరూ అటు కోపంగా చూశారు.

చాలాసేపటికి బొటనవేలితో నొక్కాడు. తెల్లబడింది. తీశాడు. నెమ్మదిగా, అంచునుంచి కాదు, కిందనుంచి, కుడికాలి లోపలినుంచి, గులాబీరంగు పైకొచ్చింది. చివరిదాకా వచ్చింది.

"కుళాయి వచ్చిందండీ" అన్నాడు ఆయన.

పెద్ద సర్జన్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మల్లేశ్ ఏడుస్తున్నాడు. ఆ చప్పుడుకు డాక్టరు తల మెల్లగా పైకెత్తాడు. మోకాలు దాటి, దుప్పటి దాటి, అన్ని రోజుల్లో మొదటిసారి మంచం తలవైపు దాకా చూశాడు. అక్కడ ఒక మొహం ఉండటం చూసి కాస్త తడబడి, పరిచయం లేనివాళ్లతో మాట్లాడే మర్యాదతో అడిగాడు.

"బాబూ, మీ పేరు?"

బాలమ్మ కళ్లు తెరిచింది. ఏళ్ల తరబడి ఆ కొడుకు ఆ ఇంటి వరండాలో పాలు పోశాడు.

"ఓ సారూ! గిన్ని దినాల సంది ఎవని కాలనుకున్నవ్?"

"కాలు నేను బాగా ఎరుగుదునమ్మా. రోజూ పొద్దున్నే మా గుమ్మంలోకి వస్తుంది" అన్నాడు ఆయన, మళ్లీ తల వంచుకుంటూ. "మనిషినే, ఇదే చూడటం."